రామానుజన్ ఫెయిలైన రోజులు.. ఇంగ్లిష్‌లో ఎలా చెబుతారు?

1905 ఆగస్టు. కుంభకోణంలో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. విశాఖపట్నం దారి పట్టాడు. మధ్యలో రాజమండ్రిలో దాదాపు నెల రోజులు ఉన్నాడు. స్కూల్లో లెక్కల్లో బహుమతి తెచ్చుకున్నవాడే, కాలేజీలో ఫెయిలై స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. ఆ కుర్రాడే శ్రీనివాస రామానుజన్.

ఆయన ఎందుకు వెళ్లిపోయాడో మీరు ఇంగ్లిష్‌లో చెప్పాలనుకోండి. 'హి వజ్ అషేమ్డ్' అన్నారంటే, సిగ్గుపడ్డాడని మీకు కచ్చితంగా తెలిసినట్టు. 'హి మస్ట్ హ్యావ్ బీన్ అషేమ్డ్' అంటే సిగ్గుపడే ఉంటాడని, పరిస్థితిని బట్టి గట్టిగా ఊహిస్తున్నట్టు. 'హి మైట్ హ్యావ్ బీన్ అషేమ్డ్' అంటే సిగ్గుపడి ఉండొచ్చు, వేరే కారణమూ ఉండొచ్చు. 'హి షుడ్ హ్యావ్ టోల్డ్ హిజ్ పేరెంట్స్' అంటే ఇంట్లో చెప్పాల్సింది అని మీరు తీర్పు చెబుతున్నట్టు.

కుర్రాడు ఒక్కడే. సంఘటన ఒక్కటే. మీరు వాడే చిన్న మాటను బట్టి అది నిజమో, ఊహో, తప్పు పట్టడమో తేలిపోతుంది. ఈ చిన్న మాటలే మోడల్ వెర్బ్స్. గతం గురించి మాట్లాడేటప్పుడు వీటిని తడబడకుండా వాడటం ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతి ఒక్కరికీ అవసరం. ఎందుకంటే అక్కడ అడిగేదంతా మీ గతమే. బ్యాక్‌లాగ్ ఎందుకుంది, ఏడాది ఖాళీ ఎందుకొచ్చింది, ఆ ప్రాజెక్టు ఎందుకు ఆగిపోయింది.. ఇలాంటివే.

బ్యాక్‌లాగ్, గ్యాప్, నిరుద్యోగం.. ఈ మూడూ చూసిన మనిషి రామానుజన్. అందుకే ఆయన జీవితంతోనే ఈ పాఠం నేర్చుకుందాం. రూల్స్ బట్టీ పట్టాల్సిన పనిలేదు. మన తెలుగు క్రియలే చాలావరకు దారి చూపిస్తాయి.

పలకా, మోచెయ్యీ: 'యూజ్డ్ టు', 'వుడ్'

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో, అమ్మమ్మ గారింట్లో పుట్టాడు. పెరిగిందంతా కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. కాగితం ఖరీదైన సరుకు. అందుకే లెక్కలన్నీ పలక మీద చేసి, మోచేత్తో తుడిచేసి, తేలిన ఫలితాన్ని మాత్రం నోట్‌బుక్‌లో రాసుకునేవాడు.

'రాసుకునేవాడు', 'తుడిచేవాడు'.. తెలుగులో 'ఏవాడు' అని వస్తే గతంలోని అలవాటు. ఇంగ్లిష్‌లో దీనికి 'యూజ్డ్ టు' ఉంది, 'వుడ్' కూడా ఉంది. 'హి యూజ్డ్ టు వర్క్ ఆన్ ఎ స్లేట్', 'హి వుడ్ వైప్ ఇట్ విత్ హిజ్ ఎల్బో'. రెండూ సరైనవే.

ఒక్క తేడా గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ చేసే పనికే 'వుడ్' కుదురుతుంది. ఉండటం, ఇష్టపడటం, తెలిసి ఉండటం లాంటి స్థితులకు కుదరదు. 'హి యూజ్డ్ టు లివ్ ఇన్ కుంభకోణం' అనాలి. అక్కడ 'వుడ్ లివ్' అనకూడదు. మీ సంగతి చెప్పేటప్పుడూ అంతే. 'ఐ యూజ్డ్ టు బి షై' అనండి, 'ఐ వుడ్ బి షై' అనకండి.

పదిహేను, పదహారేళ్ల వయసులో జి.ఎస్.కార్ రాసిన ఒక పుస్తకం ఆయన చేతికొచ్చింది. అందులో వేల సిద్ధాంతాలు వరుసగా ఉంటాయి. చాలావాటికి పూర్తి వివరణ ఉండదు. రామానుజన్ వాటిని ఒక్కొక్కటిగా తనే నిరూపించుకుంటూ పోయాడు. అక్కణ్నుంచి లెక్కలు తప్ప మరోటి పట్టలేదు.

ఫెయిల్: 'కుడ్ హ్యావ్', 'షుడ్ హ్యావ్', 'కుడ్ంట్'

1904లో స్కూలు చదువు ముగిసింది. లెక్కల్లో బహుమతి వచ్చింది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో సీటూ వచ్చింది. కానీ మిగతా సబ్జెక్టులను పట్టించుకోలేదు. ఇంగ్లిష్‌లో దెబ్బతిన్నాడు, స్కాలర్‌షిప్ పోయింది. తర్వాత మద్రాసులోని పచ్చయప్ప కాలేజీలో చేరాడు. 1906లో ఎఫ్.ఏ. పరీక్ష రాశాడు. మన ఇంటర్మీడియట్ లాంటిదది. ఫెయిల్. మరుసటి ఏడాది మళ్లీ రాశాడు. మళ్లీ ఫెయిల్. లెక్కలు తప్పలేదు. ఫిజియాలజీ లాంటి సబ్జెక్టుల్లో తప్పాడు.

ఇప్పుడు మూడు వాక్యాలు చూడండి.

'హి కుడ్ హ్యావ్ పాస్డ్'. పాస్ కాగలిగేవాడే. తెలివి ఉంది, అవకాశమూ ఉంది, కానీ కాలేదు. జరగని పని గురించి, ఉన్న సత్తా గురించి చెబుతున్నారు.

'హి షుడ్ హ్యావ్ స్టడీడ్ ఫిజియాలజీ'. ఫిజియాలజీ చదవాల్సింది. చదవలేదు, అది పొరపాటు అంటున్నారు.

'హి కుడ్ంట్ పాస్'. పాస్ కాలేకపోయాడు. ఇది కేవలం జరిగిన సంగతి.

ఇంటర్వ్యూలో ఈ మూడింటికీ చాలా తేడా ఉంటుంది. బ్యాక్‌లాగ్ గురించి అడిగితే 'ఐ కుడ్ హ్యావ్ పాస్డ్' అని మాత్రమే చెప్పి ఆపేస్తే గొప్పలు చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. 'ఐ కుడ్ంట్ పాస్' అని ఆపేస్తే చేతులెత్తేసినట్టుంటుంది. 'ఐ షుడ్ హ్యావ్ ప్లాన్డ్ మై టైమ్ బెటర్' అంటే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు. దాని వెనకే ఇప్పుడేం మార్చుకున్నారో ఒక వాక్యం చేర్చండి. 'సో ఐ మేడ్ ఎ టైమ్‌టేబుల్ అండ్ క్లియర్డ్ ఇట్ ఇన్ ద నెక్స్ట్ అటెంప్ట్'. జవాబు పూర్తవుతుంది.

అయితే ఒక జాగ్రత్త. 'షుడ్ హ్యావ్' మీ మీద వాడుకుంటే నిజాయతీ. ఎదుటివాళ్ల మీద వాడితే నింద. 'మై లెక్చరర్ షుడ్ హ్యావ్ హెల్ప్డ్ మి' అన్నారంటే నిజమే అయినా సరే, ఆ జవాబు మీకు కలిసిరాదు.

రాజమండ్రిలో నెల రోజులు: 'మస్ట్ హ్యావ్', 'మే హ్యావ్', 'మైట్ హ్యావ్'

మళ్లీ 1905కి వద్దాం. రాజమండ్రిలో రామానుజన్ ఉన్నాడని తెలుసు. అది నిజం కాబట్టి 'హి స్టేడ్ ఇన్ రాజమండ్రి ఫర్ అబౌట్ ఎ మంత్' అని మామూలు పాస్ట్ టెన్స్‌లో చెప్పేయొచ్చు. అక్కడ మోడల్ అక్కర్లేదు.

కానీ ఆ నెల ఎలా గడిచింది? చేతిలో డబ్బు లేదు, కొత్త ఊరు, చుట్టూ తెలుగు. ఇబ్బంది పడే ఉంటాడు. 'హి మస్ట్ హ్యావ్ స్ట్రగుల్డ్'. మనం చూడలేదు, పరిస్థితిని బట్టి అంతకంటే వేరేగా ఉండదనుకుంటున్నాం. గోదావరి గట్టున కూర్చుని లెక్కలు చేసుకున్నాడా? చేసుకుని ఉండొచ్చు. 'హి మే హ్యావ్ సాట్ బై ద రివర్', లేదా 'మైట్ హ్యావ్ సాట్'. రెండూ ఇంచుమించు ఒకటే. 'మైట్'లో నమ్మకం కాస్త తక్కువ ధ్వనిస్తుంది, అంతే.

తెలుగులో 'ఉండాలి', 'ఉంటాడు', 'ఉండొచ్చు' అని మనం రోజూ వాడే తేడాలే ఇవి. 'పడి ఉండాలి', 'పడే ఉంటాడు' అంటే 'మస్ట్ హ్యావ్'. 'పడి ఉండొచ్చు' అంటే 'మే హ్యావ్' లేదా 'మైట్ హ్యావ్'. మరి 'అలా జరిగి ఉండే అవకాశమే లేదు' అనాలంటే? 'మస్ట్ నాట్ హ్యావ్' అని రాసేస్తుంటారు చాలామంది. 'కుడ్ంట్ హ్యావ్' లేదా 'కాంట్ హ్యావ్' అనండి. 'హి కాంట్ హ్యావ్ హ్యాడ్ మచ్ మనీ'. అతని దగ్గర పెద్దగా డబ్బుండే అవకాశం లేదు.

నిర్మాణం ఒక్కటే గుర్తుంచుకోండి. మోడల్, తర్వాత 'హ్యావ్', తర్వాత క్రియ మూడో రూపం. 'గాన్', 'సీన్', 'రిటెన్', 'డన్'. 'షుడ్ హ్యావ్ వెంట్', 'మస్ట్ హ్యాడ్ గాన్' రెండూ తప్పే. కర్త హి అయినా, షి అయినా 'హ్యావ్' మారదు, 'హ్యాజ్' కాదు. వేగంగా మాట్లాడేటప్పుడు 'షుడ్ హ్యావ్' అన్నది 'షుడవ్' అని వినిపిస్తుంది. విన్నది విన్నట్టు 'షుడ్ ఆఫ్' అని ఈమెయిల్లో రాశారంటే మాత్రం దొరికిపోతారు.

ఉద్యోగం కోసం తిరుగుడు: 'హ్యాడ్ టు', 'వజ్ ఏబుల్ టు'

1909 జులైలో జానకితో పెళ్లయింది. ఆ కాలపు పద్ధతిలో ఆమెకు అప్పటికి పదేళ్లే. సంసారమన్నాక సంపాదన కావాలి. 1910 మొదట్లో ఒక శస్త్రచికిత్స అవసరమైతే కట్టడానికి డబ్బు లేదు. డాక్టరే డబ్బు తీసుకోకుండా చేశాడు. కోలుకున్నాక డిగ్రీ లేని రామానుజన్ నోట్‌బుక్కులు చంకన పెట్టుకుని, మద్రాసులో గుమాస్తా పని కోసం తిరిగారు. ట్యూషన్లు చెప్పారు.

తిరగాల్సి వచ్చింది. ఇక్కడే మన వాళ్లు ఎక్కువగా పొరబడతారు. 'మస్ట్'కు గతకాలంలో బలవంతం అనే అర్థం రాదు. 'హి మస్ట్ హ్యావ్ సర్చ్డ్ ఫర్ ఎ జాబ్' అంటే 'వెతికే ఉంటాడు' అన్న ఊహ అయిపోతుంది. 'వెతకాల్సి వచ్చింది' అనాలంటే 'హి హ్యాడ్ టు సర్చ్ ఫర్ ఎ జాబ్'.

తెలుగులో 'వెతకాల్సింది', 'వెతకాల్సి వచ్చింది' చూడటానికి ఒకేలా ఉంటాయి. అర్థాలు మాత్రం ఎదురెదురు. 'వెతకాల్సింది' అంటే వెతకలేదు, అది 'షుడ్ హ్యావ్'. 'వెతకాల్సి వచ్చింది' అంటే తప్పక వెతికాడు, అది 'హ్యాడ్ టు'. ఇంట్లో నాన్నకు ఒంట్లో బాగాలేక మీరు ఏడాది చదువు ఆపారనుకోండి. 'ఐ హ్యాడ్ టు టేక్ ఎ బ్రేక్' అనాలి. పొరపాటున 'ఐ షుడ్ హ్యావ్ టేకెన్ ఎ బ్రేక్' అన్నారో, మీరసలు బ్రేకే తీసుకోలేదని వాళ్లకు అర్థమవుతుంది.

1910లో రామానుజన్ తిరుక్కోయిలూరు వెళ్లి వి.రామస్వామి అయ్యర్‌ను కలిశారు. ఆయన డిప్యూటీ కలెక్టర్, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ స్థాపకుడు. ఆ నోట్‌బుక్కులు చూసి, మద్రాసులోని తన లెక్కల మిత్రులకు పరిచయం చేశారు. అలా చేయి మారి చేయి మారి, చివరికి రామానుజన్ ఆర్.రామచంద్రరావు ముందు నిలబడ్డారు. ఆయన అప్పట్లో నెల్లూరు కలెక్టర్, లెక్కలంటే ప్రాణం. మొదట ఆయనకు నమ్మకం కుదరలేదు. మళ్లీ కలిసి, ఓపిగ్గా వివరించి చెప్పాక కుదిరింది. నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇవ్వడం మొదలుపెట్టారు. 1911లో రామానుజన్ మొదటి పరిశోధన పత్రం సొసైటీ పత్రికలో వచ్చింది.

కలెక్టర్‌ను ఒప్పించగలిగారు. దీన్ని 'హి కుడ్ కన్విన్స్ ద కలెక్టర్' అంటే సరిపోదు. గతంలో మామూలుగా ఉన్న సామర్థ్యానికే 'కుడ్'. 'హి కుడ్ సాల్వ్ హార్డ్ ప్రాబ్లమ్స్ యాజ్ ఎ బాయ్' సరైనదే. ఒక్కసారి ప్రయత్నించి సాధించినదానికి 'వజ్ ఏబుల్ టు' లేదా 'మేనేజ్డ్ టు'. 'హి వజ్ ఏబుల్ టు కన్విన్స్ ద కలెక్టర్'. సాధించలేకపోతే మాత్రం 'కుడ్ంట్' సరిపోతుంది.

మన ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే 'ఐ కుడ్ ఏబుల్ టు' అనేది ఎప్పుడూ తప్పే. 'కుడ్' అయినా ఉండాలి, 'వజ్ ఏబుల్ టు' అయినా ఉండాలి. రెండూ కలిసి ఉండవు.

ఫెయిలైనవాడి దరఖాస్తు

ఒకరి సాయం మీద ఎన్నాళ్లు బతకాలని రామానుజన్‌కు అనిపించింది. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో నెలకు 20 రూపాయల జీతంతో కొన్ని వారాలు తాత్కాలికంగా పనిచేశారు. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు.

ఆ దరఖాస్తులో ఏముందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. తాను మెట్రిక్యులేషన్ పాసయ్యానని, ఎఫ్.ఏ. వరకు చదివానని, అనుకోని పరిస్థితుల వల్ల చదువు ముందుకు సాగలేదని రాశారు. ఆ కాలాన్నంతా లెక్కలకే వినియోగించానని చెప్పారు. ఉద్యోగమిస్తే దానికి న్యాయం చేయగలనన్న నమ్మకం ఉందని ముగించారు. అంతే. కొన్ని వాక్యాలే. తోడుగా ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు జతచేశారు.

చూశారా, అందులో చదువుకుని ఉండాల్సింది అన్న ఏడుపు లేదు. పాసయ్యేవాణ్నే అన్న గొప్ప లేదు. ఆగిపోయిన చదువుకు ఒక వాక్యం, ఆ గ్యాప్‌లో ఏం చేశారో ఒక వాక్యం, రేపు ఏం చేయగలరో ఒక వాక్యం. మీ రెజ్యూమెలో గ్యాప్ ఉంటే ఈ వరసే పాటించండి. 1912 మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో ఉద్యోగంలో చేరారు.

అక్కడ చీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యర్‌కు గణితం తెలుసు. ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కూడా అండగా నిలిచారు. ఇద్దరూ ఆ గుమాస్తాను ఇంగ్లండ్ గణితజ్ఞులకు రాయమని ప్రోత్సహించారు.

కేంబ్రిడ్జికి ఉత్తరాలు: 'వుడ్ హ్యావ్'

కేంబ్రిడ్జిలోని బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు పేరున్న ప్రొఫెసర్ల వల్ల పని కాలేదు. 1913 జనవరి 16న జి.హెచ్.హార్డీకి రాశారు. సొంతంగా కనిపెట్టిన సిద్ధాంతాలను పేజీలకు పేజీలు జతచేశారు. హార్డీకి మొదట అనుమానం వచ్చింది. సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని చూశాక, ఇది రాసిన మనిషి మోసగాడు అయి ఉండే అవకాశమే లేదని తేల్చుకున్నారు. మనం ఇందాక నేర్చుకున్న వాక్యమే ఇది. 'హి కుడ్ంట్ హ్యావ్ బీన్ ఎ ఫ్రాడ్'. ఫిబ్రవరి 8న హార్డీ జవాబు రాశారు.

ఆ ఉత్తరాన్ని హార్డీ చెత్తబుట్టలో వేసి ఉంటే? తెలుగులో 'వేసి ఉంటే.. అయ్యేది కాదు' అంటాం. ఇంగ్లిష్‌లో 'ఇఫ్ హార్డీ హ్యాడ్ థ్రోన్ ఇట్ అవే, ద వరల్డ్ మైట్ నాట్ హ్యావ్ నోన్ రామానుజన్'. 'ఇఫ్' ఉన్న భాగంలో 'హ్యాడ్'తో మూడో రూపం. రెండో భాగంలో 'వుడ్ హ్యావ్', 'కుడ్ హ్యావ్', 'మైట్ హ్యావ్'లో ఏదో ఒకటి. 'ఇఫ్ హి వుడ్ హ్యావ్' అని మొదలుపెట్టొద్దు.

ఇక్కడ తెలుగు మనల్ని కాస్త తికమక పెడుతుంది. 'వెళ్లేవాడు' అంటే అలవాటు. 'పిలిచి ఉంటే వెళ్లేవాడు' అన్నా అదే రూపం, కానీ అసలు వెళ్లలేదు. మొదటిది 'యూజ్డ్ టు గో' లేదా 'వుడ్ గో'. రెండోది 'వుడ్ హ్యావ్ గాన్'. తెలుగు వాక్యంలో 'ఉంటే' కనిపించిందా అని చూసుకుంటే చాలు.

మరో మాట. రెండో ఉత్తరానికీ పని కానప్పుడు రామానుజన్ ఆగిపోయి ఉండొచ్చు, ఆయన్ను ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 'హి కుడ్ హ్యావ్ స్టాప్డ్ దేర్'. ఆగలేదు కాబట్టే ఈ వాక్యానికి బలం. 'కుడ్ హ్యావ్' ఎప్పుడూ జారవిడుచుకున్న అవకాశం గురించే కాదు, లొంగకుండా ఉన్న సందర్భం గురించీ చెబుతుంది. ఇంటర్వ్యూలో 'ఐ కుడ్ హ్యావ్ గివెన్ అప్, బట్ ఐ అప్లైడ్ అగైన్' అనగలిగితే మంచి జవాబే.

సముద్రం దాటి: 'డిడ్ంట్ హ్యావ్ టు', 'నీడ్ంట్ హ్యావ్'

1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఇంగ్లండ్ రమ్మంటే మాత్రం మొదట ఒప్పుకోలేదు. సముద్రం దాటకూడదన్న కట్టుబాటు ఆ కుటుంబానిది. కేంబ్రిడ్జి నుంచి నెవిల్ అనే గణితజ్ఞుడు మద్రాసు వచ్చినప్పుడు మాట్లాడారు. తల్లి కూడా ఒప్పుకున్నారు. 1914 మార్చి 17న నెవాసా ఓడ ఎక్కారు.

ట్రినిటీ కాలేజీ ఆయన్ను చేర్చుకునేటప్పుడు ఎఫ్.ఏ. ఫెయిల్ అడ్డు రాలేదు. మళ్లీ ఆ పరీక్ష రాయాల్సిన అవసరం లేకపోయింది, ఆయన రాయలేదు. 'హి డిడ్ంట్ హ్యావ్ టు టేక్ ద ఎగ్జామ్ అగైన్'. 'నీడ్ంట్ హ్యావ్' దీనికి దగ్గరగా కనిపించినా వేరు. అవసరం లేకపోయినా చేసేసిన పనికి అది. ఇంటర్వ్యూ పదింటికైతే మీరు ఏడింటికే వెళ్లి గేటు బయట కూర్చున్నారనుకోండి. 'ఐ నీడ్ంట్ హ్యావ్ గాన్ సో ఎర్లీ'. వెళ్లారు, వెళ్లనక్కర్లేదు.

1916లో పరిశోధన ద్వారా కేంబ్రిడ్జి డిగ్రీ వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అదే ఏడాది ట్రినిటీ కాలేజీ ఫెలో కూడా. ఆ కాలేజీకి ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. ఇంగ్లిష్ దెబ్బకు స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న పదమూడేళ్లకు ఇదంతా.

ఆ ఆరోగ్యం గురించి ఏమనాలి?

విజయం వచ్చేసరికి ఒళ్లు పాడైంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. శాకాహారికి సరైన తిండి దొరకడమే కష్టం. ఆ చలి, ఆ ఒంటరితనం. 1917 నుంచి ఆసుపత్రులే ఇల్లయ్యాయి. డాక్టర్లు క్షయ అన్నారు. 1919లో తిరిగొచ్చారు. మంచం మీద ఉండి కూడా లెక్కలు ఆపలేదు. 1920 జనవరిలో హార్డీకి చివరి ఉత్తరం రాసి, మాక్ తీటా ఫంక్షన్లనే కొత్త సంగతి చెప్పారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32.

దశాబ్దాల తర్వాత, 1994లో డి.ఎ.బి.యంగ్ అనే వైద్యుడు ఆ లక్షణాలను, పాత వైద్య వివరాలను మళ్లీ పరిశీలించారు. రామానుజన్‌కు అంతకుముందు రక్త విరేచనాలు అయ్యాయి. వాటి క్రిములు కాలేయంలో మిగిలిపోయి జబ్బు చేసి ఉంటుందని, అది క్షయ కాకపోవచ్చని ఆయన అభిప్రాయం. అప్పటికే ఆ జబ్బుకు మందు ఉంది.

ఇప్పుడు మీరు ఏ వాక్యం ఎంచుకుంటారు? 'ద డాక్టర్స్ కిల్డ్ హిమ్' అంటే అన్యాయం. 'హి హ్యాడ్ ఎ లివర్ డిసీజ్' అంటే, నిరూపణ కానిదాన్ని నిజమని చెప్పడం. 'ద డాక్టర్స్ షుడ్ హ్యావ్ నోన్' అనాలంటే, అప్పటి పరీక్షలతో అది తెలిసే వీలుందని మీరు నిరూపించాలి. 'హి మే హ్యావ్ హ్యాడ్ ఎ లివర్ ఇన్ఫెక్షన్, అండ్ హి మైట్ హ్యావ్ బీన్ సేవ్డ్' అంటే సరిపోతుంది. ఆయనకు కాలేయం జబ్బే అయి ఉండొచ్చు, బతికి ఉండేవారేమో. తెలిసినంతే చెప్పారు, ఎవరినీ ఉరి తీయలేదు.

ముప్పై రెండేళ్లకే పోయిన మనిషి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇది వ్యాకరణం ఒక్కటే కాదు. 'మస్ట్' అనాల్సిన చోటా, 'మైట్' అనాల్సిన చోటా తేడా పాటించడం ఆయనకిచ్చే మర్యాద. రేపు ఆఫీసులో సర్వర్ ఆగిపోయిందనో, ఫైలు పోయిందనో మీరు రిపోర్టు రాయాల్సి వస్తుంది. అప్పుడూ ఇదే. 'రవి డిలీటెడ్ ఇట్' అని రాస్తే ఒకరి ఉద్యోగం మీదికొస్తుంది. చూడకపోతే 'ఇట్ మే హ్యావ్ బీన్ డిలీటెడ్ బై మిస్టేక్' అనే రాయండి.

1976లో జార్జ్ ఆండ్రూస్ అనే గణితజ్ఞుడికి ట్రినిటీ గ్రంథాలయంలో రామానుజన్ చివరి ఏడాది రాతలు కొన్ని దొరికాయి. వాటినే లాస్ట్ నోట్‌బుక్ అంటున్నారు. నొప్పితో మంచం మీద ఉన్న మనిషి అంత పని చేశాడంటే, లెక్కలంటే ఎంత ఇష్టమై ఉండాలి! 'హి మస్ట్ హ్యావ్ లవ్డ్ ఇట్'. ఇక్కడ 'మస్ట్' ధైర్యంగా వాడొచ్చు. రుజువు కాగితాల మీదే ఉంది.

ఈ రాత్రికి ఒక పని

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ జీవితంలో ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని భయపడే సంగతి ఒకటి పైన రాయండి. దాని కింద ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాయండి.

ఏం జరిగిందో మామూలు పాస్ట్ టెన్స్‌లో ఒకటి. తప్పక చేయాల్సి వచ్చింది ఏమన్నా ఉంటే 'హ్యాడ్ టు'తో ఒకటి. మీ పొరపాటును ఒప్పుకుంటూ 'షుడ్ హ్యావ్'తో ఒకటి. అయినా సాధించినదాన్ని 'వజ్ ఏబుల్ టు'తో ఒకటి. వదిలేసి ఉండొచ్చు కానీ వదల్లేదని 'కుడ్ హ్యావ్.. బట్'తో ఒకటి.

రాశాక గట్టిగా చదవండి. ఫ్రెండ్‌కు వినిపించండి. ఐదూ నిజమేనా, ఎక్కడన్నా ఊహను నిజంలా, నిందను కారణంలా చెప్పానా అని అడగండి. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పిన గుమాస్తా తన గతాన్ని కొన్ని వాక్యాల్లో చెప్పుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. మీకు ఐదు వాక్యాలున్నాయి.